నిదానంగా తోలే మనిషి

మా బండి డ్రైవరు బయలుదేరేముందు బండి చుట్టూ ఒకసారి తిరిగేవాడు. నాలుగు టైర్లనూ కాలితో తన్ని చూసేవాడు. తర్వాత లోపల కూర్చుని, అద్దంలో మా అందరి బెల్టులూ చూసేవాడు. ఒక్కరు పెట్టుకోకపోయినా తాళం తిప్పేవాడు కాదు. మా పెద్ద డాక్టరుకి బెల్టు అంటే విసుగు. "కిడ్నీ కరిగిపోతుందయ్యా, పోనియ్" అని అరిచేవారు. ఈయన మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని, బస్సు కోసం కాచుకున్నట్టు కూర్చునేవాడు. చివరికి డాక్టరే ఓడిపోయేవారు.

ఆయన తోలే వేగం చూస్తే నాకు ఒళ్ళు మండేది. నాకు మొదటినుంచీ తొందర ఎక్కువ. నడిచేది తొందర, మాట్లాడేది తొందర, కోపం వచ్చేది ఇంకా తొందర. ఆయనకు ఎద్దులబండి అని పేరు పెట్టింది నేనే. "అన్నా, పక్కన సైకిలాయన మనల్ని దాటుకుని పోతున్నాడు చూడు" అనేదాన్ని. ఆయన నవ్వేవాడు. ఒకసారి మాత్రం నవ్వకుండా చెప్పాడు.

"పెట్టె చేరితే ఒకరు బతుకుతారు చెల్లెమ్మా. మీరు చేరితే ఇంకా పది పెట్టెలు తెస్తారు. నాకు రెండూ చేరాల."

నేను అనంతపురంలో ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటరు నర్సుని. కిడ్నీలు మార్చే ఆసుపత్రి మాది. ఎక్కడైనా ఒక మనిషికి మెదడు చచ్చిపోయి, గుండె మాత్రం మిషను మీద కొట్టుకుంటూ ఉండి, ఇంటివాళ్ళు గుండె రాయి చేసుకుని అవయవాలు ఇస్తామంటే, మేం ఆ ఊరికి పోయి ఆపరేషన్ చేసి కిడ్నీని ఐసుపెట్టెలో పెట్టుకుని తెస్తాం. ఇద్దరు డాక్టర్లు, నేను, డ్రైవరు. గుండెను తెచ్చేటప్పుడైతే పోలీసులు దారి ఖాళీ చేయిస్తారు, టీవీలో చూపిస్తారు. కిడ్నీ కాస్త ఓపిక పట్టగలదు కాబట్టి మాకు ఆ మర్యాద లేదు. గొర్రెల మందలోంచీ, పెళ్ళి ఊరేగింపుల్లోంచీ హారను కొట్టుకుంటూ మేమే రావాలి. పోయేటప్పుడు అందరూ ఉత్సాహంగా ఉంటారు. వచ్చేటప్పుడు, గంటల తరబడి నిలబడి చేసిన ఆపరేషన్ తర్వాత, డాక్టర్లు బండి ఎక్కీ ఎక్కగానే నిద్రలో పడిపోతారు. పెట్టె ఎలా ఉందని దారి పొడుగునా ఫోన్లు వస్తాయి. మీరెలా ఉన్నారని అడిగిన వాళ్ళను నేను చూడలేదు. మేమూ ఒకరినొకరం ఎప్పుడూ అడగలేదు, ఆ డ్రైవరు తప్ప.

మాది బెళుగుప్ప దగ్గర పల్లె. మా నాయనకు మెట్ట చేను ఉంది. శనక్కాయ పోయిన ఏడాది ఉలవలు, ఉలవలు పోయిన ఏడాది దేవుడు. మా పక్కంతా ఉలవలను రోడ్డు మీదే నూరుస్తారు. కోసిన ఉలవచెట్లను తారురోడ్డు మీద మందంగా పరిస్తే, వచ్చే పోయే బస్సులూ లారీలే తొక్కి గింజ రాలుస్తాయి. ఎద్దులు పోయాక కళ్ళం చేసుకునే ఓపిక ఎవరికీ లేదు. రోడ్డు సగం పంటకు, సగం బండ్లకు. బండ్లు రాల్చిన గింజను ఊడ్చి ఒక పక్కన కుప్ప పోస్తారు. ఆ కుప్ప మీదికి టైరు ఎక్కకుండా చుట్టూ గుండ్లు, తలకాయంత రాళ్ళు, పెడతారు. చిన్నప్పుడు నేనూ మోశాను. పెద్ద గుండ్లు నాయన, చిన్నవి నేను. పంట ఇల్లు చేరినా ఆ గుండ్లు రోడ్డు పక్కనే ఉండేవి, మళ్ళీ ఏడాదికి పనికొస్తాయని. ఊళ్ళో ఏ గుండు ఎవరిదో మాకు తెలుసు. వాటిని తీయాలని మాకెవరికీ ఎప్పుడూ తోచలేదు.

ఆ రోజు మేం రాయదుర్గం పోయాం. అక్కడి ఆసుపత్రిలో ఒక మేస్త్రీ సారవ కట్టెల మీదినుంచి పడి, మెదడు చనిపోయి ఉన్నాడు. కత్తి పట్టుకునేముందు మేమంతా ఆయన చుట్టూ ఒక నిమిషం నిలబడ్డాం, అది మా అలవాటు. పని అయ్యాక పెట్టె పట్టుకుని బయటికి వస్తుంటే ఆయన తల్లి ఎదురొచ్చింది. ఏడ్చీ ఏడ్చీ గొంతు పోయి ఉంది. పెట్టె మూత మీద చెయ్యి పెట్టి, "మావానిది జాగ్రత్తగా తీసుకపోమ్మా" అంది. నేను తలూపాను. డ్రైవరు నా చేతిలోంచి పెట్టె తీసుకుని, వెనక సీటుకు ఆనించి, రెండు తాళ్ళతో కట్టి, ఆ తల్లికి కనిపించేలా తాళ్ళను గట్టిగా లాగి చూపించాడు.

మధ్యాహ్నం మూడు దాటింది. కళ్యాణదుర్గం రోడ్డు మీద ఒక లారీ అడ్డంగా పడిందని, బండ్లు కదలడం లేదని ఆసుపత్రినుంచి ఫోను. రోగిని అప్పటికే సిద్ధం చేస్తున్నారట.

"బెళుగుప్ప మీదుగా పోదాం అన్నా. మా ఊరి దారే" అన్నాను.

ఆయన వెంటనే ఒప్పుకోలేదు. "ఉలవల కాలం చెల్లెమ్మా. రోడ్డంతా కళ్ళాలే ఉంటాయి. ఉలవపొట్టు మీద టైరు జారుతాది. లారీని తీసేదాకా ఈడనే ఉందాం."

"ఎంతసేపుంటాం? మా నాయనకు ఫోను చేసి తీయిస్తాలే."

పెద్ద డాక్టరు అప్పటికే కళ్ళు మూసుకున్నారు. "పోనియ్యండి ఏదో ఒక దారిన" అన్నారు. నేను నాయనకు ఫోను చేశాను.

"నాయనా, మా బండి మనూరి మీద వస్తాండాది. కిడ్నీ తీసుకోని పోతాండాము. రోడ్డు మీద ఉలవలు ఉండాయా?"

"ఉండాయి మ్మా. మనవే ఉండాయి, ఇంగ నాలుగిండ్లోళ్ళవి ఉండాయి."

"అన్నీ తీసేపియ్ నాయనా. అర్ధగంటలో వస్తాము."

"తీసేస్తాంలే. నువ్వు భయపడాకు. అద్దంమాదిరి చేసి పెడతాము."

నా గొంతులో గర్వం ఉండింది, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది. మా ఊరు నా మాట వింటుందని డ్రైవరుకు చూపించాలనుకున్నాను. "చూసినావా, మన పరపతి" అన్నాను. ఆయన మళ్ళీ దిగి, టైర్లు తన్ని, వచ్చి కూర్చున్నాడు.

నాయన మాట నిలబెట్టుకున్నాడు. మా ఊరి పొలిమేర దాటగానే రోడ్డు నల్లగా, ఖాళీగా కనిపించింది. నాలుగిళ్ళవాళ్ళూ ఆడా మగా కలిసి, ఆరబోసిన పంటనంతా అర్ధగంటలో ఎత్తేశారు. మిగిలిన పొట్టును చీపుర్లతో రోడ్డు అంచుకు ఊడ్చారు. ఆ పొట్టు కిందే గుండ్లు ఉండిపోయాయి. తీయమని నేను చెప్పలేదు. చెప్పాలని నాకే తట్టలేదు. తీయాలని వాళ్ళకూ తట్టలేదు.

వేగం నలభై దాటలేదు. నేను ముందు సీట్లో ఉన్నాను, మీటరు ముల్లు నాకు కనిపిస్తూనే ఉంది. వెనక డాక్టర్లిద్దరూ నిద్రపోతున్నారు. ఎదురుగా ఒక మోటారుసైకిలు వచ్చింది, మొగుడూ పెళ్ళాం, మధ్యలో గడ్డిమోపు. గడ్డి బండికి తగులుతుందని డ్రైవరు ఎడమవైపుకు జరిగాడు. ఎడమ టైరు పొట్టులోకి దిగింది. మోటారుసైకిలు మమ్మల్ని దాటి, ఆగకుండా పోయింది. అప్పుడే టప్పుమని శబ్దం వచ్చింది. స్టీరింగు ఆయన చేతుల్లోంచి గుంజుకున్నట్టు తిరిగింది. బండి రోడ్డుకు అడ్డంగా తిరిగి, కుడిపక్క కట్ట దిగి, ఆయన తలుపు వైపునుంచి చింతచెట్టుకు కొట్టుకుంది.

మాకేమీ కాలేదనే చెప్పాలి. పెద్ద డాక్టరుకి నుదురు చిట్లింది, నాకు మోచెయ్యి. బెల్టులు కాపాడాయి. పెట్టె కట్టిన చోటే ఉంది, తాడు కూడా వదులు కాలేదు. ఆయన మాత్రం తలుపుకూ స్టీరింగుకూ మధ్య ఇరుక్కుపోయాడు. డాక్టర్లు కిటికీలోంచి చేతులు పెట్టి ఆయన మెడ కదలకుండా పట్టుకున్నారు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"పెట్టె చూసినావా?" అన్నాడు.

"బాగుంది అన్నా."

"అయితే నువ్వు ఈడ ఏమి చేస్తాండావు? పో."

ఊరివాళ్ళు పరుగెత్తుకుంటూ వచ్చారు. 108కు ఫోను చేశారు, అది రావడానికి సమయం పడుతుందన్నారు. ఎవరో కారు తెచ్చారు. పెట్టెతో ఒకరు పోవాలి, కాగితాల మీద సంతకం చేసి అప్పజెప్పాలి. డాక్టర్ల చేతులు ఆయనకు కావాలి. మిగిలింది నేనే. ఆ కారులో పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. వదిలేసి పోతున్నానని నాకు తెలుసు. పోవాల్సిందేనని కూడా తెలుసు. ఆ రెండూ ఇప్పటికీ నాలో రాజీ పడలేదు.

కారు కదులుతుంటే వెనక్కి తిరిగి చూశాను. అందరూ చెట్టు దగ్గర ఉన్నారు. మా నాయన ఒక్కడే రోడ్డు మీద ఉన్నాడు. వంగి, రెండు చేతులతో ఏదో దొర్లిస్తున్నాడు.

పొద్దుగూకినాక కిడ్నీని ఒక ఆవిడకు అమర్చారు. మిషను కుట్టి పిల్లల్ని సాకే మనిషి ఆమె. కుట్లు పూర్తికాకముందే మూత్రం వచ్చిందని థియేటరులోంచి ఎవరో బయటికి వచ్చి సంతోషంగా చెప్పారు. నేను మోచేతికి కట్టుతో బయట బల్ల మీద ఉన్నాను. నవ్వబోతుంటే ఫోను మోగింది. పెద్ద డాక్టరు. "దారిలోనే పోయాడమ్మా" అన్నారు. నేను ఆ బల్ల మీదే కూర్చుని, మనుషులు తిరుగుతున్నారని కూడా చూడకుండా ఏడ్చాను.

మర్నాడు పోలీసులు పోయి చూశారు. రోడ్డు నున్నగా, శుభ్రంగా ఉంది. పట్టపగలు, ఎవరూ లేని రోడ్డు మీద బండి చెట్టుకు గుద్దుకుందంటే వేగం తప్ప ఇంకేముంటుంది అనుకున్నారు. మా ఆసుపత్రిలో ఒక కమిటీ వేశారు. నన్ను పిలిచి అడిగారు. బతికిన మా ముగ్గురిలో అప్పుడు మెలకువగా ఉన్నది నేనొక్కదాన్నే. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు.

"నాకూ కునుకు పట్టింది సార్. చూడలేదు" అన్నాను.

అబద్ధమాడటానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు. నోరు తెరిస్తే గుండు గురించి చెప్పాలి, గుండు గురించి చెబితే అది ఏమైందని అడుగుతారు. రోడ్డు మీద వంగిన మా నాయన వీపు కళ్ళ ముందు ఉంది. పోలీసులు ఆయన్ని స్టేషనుకు తీసుకుపోతారని భయపడ్డాను. నా కోసం కూడా భయపడ్డాను, ఆ దారి చూపించింది నేనే కదా.

కమిటీ మంచి నిబంధనలే పెట్టింది. దూరం పోతే ఇద్దరు డ్రైవర్లు ఉండాలి. ఆపరేషన్ తర్వాత కాసేపు కూర్చుని, ఏదన్నా తిన్నాకే బయలుదేరాలి. ముందు సీట్లో ఉన్నవాళ్ళు నిద్రపోకూడదు. అడ్డదారులు వద్దు. అందరికీ బెల్టు. అవన్నీ ఆ మనిషి ఏనాడో మాకు నోటితో చెప్పినవే. కాగితం మీదికి రావడానికి ఆయన పోవాల్సి వచ్చింది. ఆ కాగితం పైన మాత్రం ప్రమాదానికి కారణం డ్రైవరు అతివేగం అని ఉంది. కొత్త బండిలో అద్దం కింద ఒక చీటీ అతికించారు, నిదానంగా తోలండి అని. దాన్ని చూసినప్పుడల్లా నా మొహం మీద ఎవరో కొట్టినట్టు ఉండేది.

ఆయన పోయిన నలభయ్యో రోజున కదిరి పోయాను, వాళ్ళింటికి. ఆయన భార్యను నేను వదినా అంటాను. ఆమె నన్ను కూర్చోబెట్టి, ముందు నా మోచెయ్యి ఎలా ఉందని అడిగింది. లోపల మంచం మీద ఆయన తల్లి ఉంది. చెవులు సరిగా వినపడవు. నన్ను గుర్తుపట్టి, ఏదో అడగబోయి ఆగిపోయింది.

"పోయినప్పట్నుంచీ అత్త ఒకటే అడుగుతాంది మ్మా" అంది వదిన. "వాడు ఎందుకు తొందరపడినాడు, వాడెప్పుడూ తొందరపడడు గదా అని. నేనేమి చెప్పేది? నన్ను కాన్పుకు ఆసుపత్రికి తీసకపోయేటప్పుడు గూడా నిదానంగానే తోలినాడు. నేను తిట్టుకుంటనే పోయినాను. నువ్వు పక్కనే ఉండావు గదా, నిజంగానే స్పీడుగా తోలినాడా?"

"ఇప్పుడు అవన్నీ ఎందుకులే వదినా" అన్నాను.

ఆమె నా మొహం చూసింది. మళ్ళీ అడగలేదు. పక్కింటికి పాల కోసం పోయి, టీ పెట్టి ఇచ్చింది. ఆ టీ తాగి వచ్చాను. నేను చేసిన వాటిలో అది అన్నిటికంటే నీచమైన పని అని ఇప్పటికీ అనుకుంటాను. రోడ్డు మీద చేసింది పొరపాటు. ఆ ఇంట్లో చేసింది పొరపాటు కాదు.

తర్వాతి ఏడాది ఉలవల కాలం వచ్చింది. నేను ఊరికి పోతే మా నాయన ఉలవలను రోడ్డు మీదికి తీసుకుపోలేదు. చేనిలోనే కాస్త నేల చదును చేసి, పేడనీళ్ళతో అలికి, ఒక్కడే కట్టెతో కొడుతున్నాడు. చిక్కిపోయాడు. ఊళ్ళోవాళ్ళు ఎగతాళి చేస్తున్నారని అమ్మ చెప్పింది. నేను పోయి పక్కన నిలబడ్డాను. ఆయన కట్టె ఆపలేదు.

"రోడ్డు ఉండాది గదా నాయనా" అన్నాను. కావాలనే అన్నాను.

ఆయన కట్టె కింద పెట్టాడు. తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు.

"ఆ గుండు నేనే తీసినాను మ్మా" అన్నాడు. "మనదే అది. దాని మీద టైరు నలుపు ఉండె. ఎవురన్నా చూస్తారని కాలవలోకి దొబ్బినాను. ఆడ చెట్టుకాడ మనిషి సస్తాంటే నేను గుండు దొబ్బుతాండాను."

"నేను చూసినాను నాయనా."

"తెలుసు. కారులోనించి నువ్వు చూసింది నేనూ చూసినాను. నువ్వు అడుగుతావేమోనని ఏడాది పొడుగూతా కాసుకోని ఉండాను. నువ్వు అడగల్యా. నా కోసరమే అడగల్యాదని తెలుసు."

ఆయన ఏడుస్తుంటే మొదటిసారి చూశాను. కరువులో శనక్కాయ ఎండిపోయినప్పుడు కూడా ఏడవని మనిషి.

"ఆ డ్రైవరును ఏమంటాండారు మీ ఆసుపత్రిలో?" అని అడిగాడు చివరికి.

చెప్పాను. కమిటీ కాగితం, అతివేగం, చీటీ, వదిన అడిగింది, నేను చెప్పకుండా వచ్చింది, అన్నీ. ఆయన తలగుడ్డ మళ్ళీ చుట్టుకున్నాడు.

"వాళ్ళిల్లు యాడ? కదిరా? రేప్పొద్దున బస్సుకు పోదాం పా. నేను చెప్తా."

తెల్లారి ఆయన ఉతికిన పంచె కట్టుకున్నాడు. ఉత్త చేతులతో ఎలా పోయేదని ఉలవల సంచి ఒకటి భుజానికి ఎత్తుకున్నాడు. వాకిలిదాకా పోయి ఆగాడు. ఉలవలు ఎలా ఇచ్చేది వాళ్ళకు అని సంచి దించేశాడు. బస్సు ఎక్కాం. అనంతపురంలో దిగి, ముందు నేను ఆసుపత్రికి పోయాను. పెద్ద డాక్టరు ముందు నిలబడి, ఆ రోజు నేను నిద్రపోలేదని చెప్పాను. ఆయన కాగితం తెప్పించి నా చేతికిచ్చి, "అంతా రాయండి" అన్నారు. అంతా రాశాను. పంటల కాలంలో రోడ్ల మీద గుండ్లు ఉంటాయని, పొట్టు కింద కనపడవని, ముందు ఎవరినైనా పంపి తీయించాకే ఆ దారిన రావాలని కూడా రాశాను. వేగం నలభై అని రెండుసార్లు రాశాను. పోలీసులకు కూడా చెప్పాల్సి ఉంటుందని ఆయన అన్నారు. బయట వరండాలో గోడకు ఆనుకుని ఉన్న నాయనకు చెబితే, "చెప్పనీ" అన్నాడు.

కదిరిలో ఆ ఇంటి ముందు నాయన చెప్పులు విడిచి, లోపలికి రాకుండా గడప బయటే నిలబడ్డాడు. వదిన ఎవరని నాకేసి చూసింది. మా నాయన అన్నాను. నాయన చేతులు జోడించాడు.

"మీ ఆయన తప్పేమీ ల్యాదమ్మా" అన్నాడు. "ఆ రోడ్డు మీద గుండు నాది. పొట్టు కింద ఉండిపాయ. ఆయన నిదానంగానే వచ్చినాడు. ఎదురొచ్చినోళ్ళకు దావ ఇచ్చేకి పక్కకు జరిగినాడు, నా గుండు మీదికి ఎక్కినాడు. ఆ గుండును నేనే దాచిపెట్టినాను. ఇంతకాలం నోరు మూసుకోని ఉండాను. మీరు ఏమి చేసినా నేను పడతాను."

ఆయన మాట ఆగిపోయాక, నేను చూసిందీ, నేను దాచిందీ నేను చెప్పాను. వదిన తలుపు పట్టుకుని నిలబడి అంతా వినింది. తిడుతుందనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను కూడా. ఆమె నన్ను ఒక్కటే అడిగింది.

"ఎంత స్పీడులో ఉండె?"

"నలభై వదినా. నేను చూస్తానే ఉండాను."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మమ్మల్ని కూర్చోమనలేదు, పొమ్మనలేదు. గిర్రున తిరిగి లోపలి గదిలోకి పోయింది. గడప బయట నాకూ నాయనకూ మంచం కిర్రుమన్న చప్పుడు వినిపించింది. తర్వాత ఆమె ముసలామె చెవి దగ్గర, వీధంతా వినేంత గట్టిగా చెప్పింది.

"అత్తా, తొందరపడల్యాదంట. ఆయన నిదానంగానే వచ్చినాడంట."